ఇటూ అటూ బ్రదర్

సమాధి దగ్గర నాటిన చెక్క శిలువ మీద వయసు అరవై ఒకటి అని రాసి ఉంది. స్మశానం గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద అరవై మూడు అని ఉంది. పెట్టె దించుతుంటే యూత్‌లో ఒకతను అది చూసి, పక్కవాడి చెవిలో, "చూసినవా, ఆఖరికి గూడ ఇటూ అటే" అన్నాడు. పక్కవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు కోపం రాలేదు. పెట్టెలో ఉన్నాయన విని ఉంటే అందరికంటే ముందు తనే నవ్వేవాడు. "రెండేళ్లే కదండీ తేడా! మా పద్ధతిలో ఇది చాలా కచ్చితం" అనేవాడు.

నల్లగండ్లలో ఒక సూపర్ మార్కెట్ పై అంతస్తులో మా సంఘం కూడుకుంటుంది. అక్కడ ఆయన అసలు పేరు ఫ్లెక్సీ చూసేదాకా సగం మందికి తెలియదు. ఇటూ అటూ బ్రదర్. పిల్లలు చాటుగా పెట్టిన పేరు పెద్దవాళ్ల నోటికెక్కి, చివరికి పాస్టరు గారే ఒకసారి మైకులో అనేసి నాలిక కరుచుకున్నారు. ఆయన మాత్రం లేచి నిలబడి, చేతులు జోడించి, ప్రార్థన మొదలుపెట్టాడు.

ఏ మాట చెప్పినా దానికి ఒక తోక తగిలించేవాడు. "ఆరాధనకు ఎనిమిదింటికి వస్తానండి, ఇటూ అటూ పది నిమిషాలు." "అన్నం ముప్పావు వంతు చాలమ్మా, ఇటూ అటూ ఒక గరిటె." ప్రార్థనలో కూడా, "ప్రభువా, ఇక్కడ చేరిన నూట ఇరవై మందిని, ఇటూ అటూ పదిమందిని..." అనేవాడు. కళ్లు మూసుకున్నవాళ్ల భుజాలు నవ్వుతో ఊగేవి. ఎందుకలా అని అడిగితే ఒకటే జవాబు: "కచ్చితంగా తెలిసినవాడు ఒక్కడేనండి, పైన. మిగతా అందరం ఇటూ అటూ."

ఆయన పని అలాంటిది. పోలీసులు పంపే రక్తపు మరకలు, ఎముకలు, పళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాడు. చివరి ఏళ్లలో ఆయన పట్టుకున్నది, ఎవరో తెలియని మనిషి వయసును ఆ మనిషి కణాల్లోంచి కొలవడం. చిన్నప్పుడు సముద్రం పక్క ఊళ్లో చదువుకున్నవాడు కాబట్టి "అండి" లేకుండా మాట్లాడలేడు. కరచాలనం చేసే ముందు చేతి రుమాలుతో తన చెయ్యి తుడుచుకునేవాడు. ఆ చెయ్యి వారమంతా ఏం ముట్టుకుందో తెలిసినవాడి మర్యాద అది.

ఆరాధన తర్వాత టీ దగ్గర ఆయన చుట్టూ ఆడవాళ్లు మూగేవారు.

"బ్రదర్, నా వయసెంతో చెప్పండి చూద్దాం."

"ఒక చుక్క రక్తం ఇవ్వండి సిస్టర్, చెప్పేస్తాను. ఇటూ అటూ పదేళ్లు."

"పదేళ్లా? ఆ మాత్రం మా పనిమనిషి కూడా చెప్తుంది!"

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు. ఒక ఆదివారం మా అమ్మ పట్టుబట్టింది, అసలా సంగతేందో విప్పి చెప్పమని. ఆయన టీ కప్పు కింద పెట్టి అమ్మ చీర కొంగు వైపు చూపించాడు.

"ఈ కుచ్చులు ఎందుకు వేయించారమ్మా?"

"అందానికి."

"అందానికేనా? దారాలు ఊడిపోకుండా కదండీ. మన ఒంట్లో ప్రతి కణంలోనూ పోగులుంటాయి. వాటి చివర్లకు దేవుడు ఇలాంటి కుచ్చులే వేశాడు. టెలోమియర్లు అంటారు. కణం రెండుగా చీలినప్పుడల్లా కుచ్చు కొంచెం పొట్టి అవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే, ఆ మనిషి ఎన్నేళ్లు నడిచాడో ఉజ్జాయింపుగా తెలుస్తుంది."

"కొలిచినంక ఇగ ఉజ్జాయింపేంది? సక్కగ చెప్పరాదా?"

"ఒకే రోజు కొన్న రెండు చీరలు ఒకేలా పాతబడతాయా అమ్మా? ఒకావిడ రోజూ ఉతుకుతుంది, ఒకావిడ పండక్కే కడుతుంది. ఆకలి, జబ్బు, దిగులు, ఇవన్నీ ఉతుకులేనండి."

అమ్మ తన కొంగు చివర వేళ్లతో తడిమి చూసుకుంది. పక్కన నిలబడ్డ మా తమ్ముడు, "అయితే అమ్మ చీరలన్నిటికీ నూరేళ్లు దాటినయ్ బ్రదర్, గింతగనం ఉతుకుతది" అన్నాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది.

ఆ సంఘటన నాకింత స్పష్టంగా గుర్తుండడానికి కారణం, నలుగురం కలిసి నవ్వింది అదే ఆఖరు.

తమ్ముడు మాదాపూర్‌లో ఒక ఆఫీసు టవర్‌లో ఏసీల మెకానిక్. షిఫ్టుల వల్ల అక్కడే హాస్టల్లో ఉండి, ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని ఆరాధనకు వచ్చేవాడు. వాక్యం చదివేటప్పుడు వేలు నాలికకు అద్దుకుని పేజీ తిప్పడం వాడి అలవాటు. అమ్మకు ఒళ్లు మండేది. "వాక్యానికి ఎంగిలి అంటిస్తవురా? దేవుని భయం లేదా?" అని తొడ మీద గిచ్చేది. "ఎంగిలి గాదే, పేజీలు అతుక్కున్నయ్" అని మళ్లీ వేలు తడిచేసుకునేవాడు. మా వెనక వరసలో కూర్చునే ఇటూ అటూ బ్రదర్ ఆ గొడవ వింటూ గొంతు సవరించుకునేవాడు.

రెండేళ్ల క్రితం వర్షాకాలంలో ఒక మంగళవారం తమ్ముడు డ్యూటీ దిగి హాస్టల్‌కు చేరలేదు. ఫోను ఆగిపోయింది. పోలీసు కాగితంలో రాయించాం: పురుషుడు, ముప్పై ఒక్క ఏళ్లు.

ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలు నేను చేసిన ప్రార్థనలను ప్రార్థనలని పిలవడానికి నాకిప్పుడు సిగ్గేస్తుంది. దేవుడితో బేరాలు అవి. ఆఫీసులో స్క్రీను ముందు కూర్చుని, పెదవులు కదలకుండా, "కాలో చెయ్యో తీసుకో, ఊపిరి మాత్రం ఉంచు" అని అడిగేదాన్ని. సంఘం వంతులవారీగా, ఆగకుండా సాగే గొలుసు ప్రార్థన పెట్టింది. అమ్మ శుక్రవారాలు పస్తులుంది. హాస్టల్ వాళ్లు ఆ మంచం ఇంకొకరికిచ్చేసి వాడి బ్యాగు మాకు అప్పగించారు. బ్రష్షు, సబ్బు అప్పటికే పారేశారట. బ్యాగు ఇంటికొచ్చిన రోజే అమ్మ దుప్పటితో సహా అన్నీ ఉతికింది. దువ్వెన సర్ఫు నీళ్లలో నానబెట్టింది. గడ్డం గీసుకునే రేజరు వేడినీళ్లలో మరిగించింది. వాడు వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉండాలి. ఆ తర్వాత కూడా నెలకోసారి ఆ మడతలు విప్పి మళ్లీ ఉతికేది.

ఎండలు ముదిరాక, ఆగిపోయిన ఒక పెద్ద భవనం పునాది గుంతలో నీళ్లు ఇంకిపోయి, అడుగున ఒక శవం బయటపడింది. మిగిలింది ఎముకలే. మాదాపూర్ నుంచి మా ఇంటివైపు వచ్చే అడ్డదారి పక్కనే ఉంది ఆ గుంత. పోలీసులు పిలిచారు. ఎస్సై మంచివాడే.

"అమ్మా, రక్తం ఇస్తే పోల్చి చూస్తం. తల్లివి గదా?"

అమ్మ తల దించుకుంది. తమ్ముడు ఆమె కడుపున పుట్టినవాడు కాదు. మూసాపేటలో మా నాన్న బతికుండి, చిన్న సంఘానికి కాపరిగా ఉన్న రోజుల్లో, వాడు మందిరం మెట్ల మీద దొరికాడు. నా రక్తం, అమ్మ రక్తం రెండూ పనికిరావు.

"పోనీ, పిల్లగాడు వాడిన బ్రష్షు, దువ్వెన, ఉతకని బట్ట ఏదన్న?"

"అన్నీ ఉతికిన బిడ్డా" అంది అమ్మ.

"అన్నీనా?"

"వస్తడని."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు.

ఇక మిగిలింది వయసొక్కటే. నెల తర్వాత ఎస్సై మమ్మల్ని మళ్లీ పిలిచి ల్యాబ్ కాగితం చదివాడు. "ఎముకలు చూసిన డాక్టరు ముప్పై దాటింది అన్నడు. పంటి లోపలి గుజ్జుల ఇదేదో కొత్త పరీక్ష గూడ చేసిన్రు. నలభై, ఇటూ అటూ ఏడేళ్లు. అంటే ముప్పై మూడు నుంచి నలభై ఏడు. మీవాడికి ముప్పై ఒకటి. కాదమ్మా, మీవాడు కాదు. ఫికర్ జేయకుండ్రి."

ఇటూ అటూ. ఆ మాట వినగానే నేను కాగితం కోసం చెయ్యి చాచాను. కాని అమ్మ అప్పటికే నేల మీద మోకాళ్లూని ఏడుస్తూ స్తోత్రం చెబుతోంది.

ఆ ఆదివారం అమ్మ సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి వెళ్లింది. "చచ్చినోడు నా కొడుకు గాదని దేవుడు సైన్సుతోని చెప్పించిండు! నలభై, ఇటూ అటూ ఏడు అని రాసిన్రు. నా బిడ్డకు ముప్పై ఒకటే! నా బిడ్డ బతికి ఉన్నడు, వస్తడు!" హాలంతా చప్పట్లు, హల్లెలూయలు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక్కడు చప్పట్లు కొట్టడం లేదు. రుమాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

ల్యాబ్‌లో ఆయన దగ్గరికి నంబరే వస్తుంది, పేరు రాదు. ఆ పన్ను ఎవరి కేసుదో ఆయనకు అమ్మ సాక్ష్యంలోనే తెలిసింది.

మెట్ల దగ్గర నా కోసం ఆగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమనుకోకమ్మా. మీ తమ్ముడి పుట్టిన తేదీ ఎవరు రాశారు?"

"మా నాన్న."

"పుట్టినప్పుడా, బడిలో వేసినప్పుడా?"

నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

"నాకూ రెండు వయసులున్నాయమ్మా. బడిలో మా నాన్న రెండేళ్లు తగ్గించి రాయించాడు. అందుకే అడుగుతున్నాను. వాళ్లు నా అంకెను గోడ అనుకున్నారు. అది గోడ కాదు, పొగమంచు. ముప్పై ఒకటైనా అది కాదని నేను ప్రమాణం చేయలేను. కష్టపడ్డ ఒళ్లు వయసు ఎక్కువ చెబుతుంది. ఇక ఆ ముప్పై ఒకటే తప్పయితే..."

"నాకు తెలియదు బ్రదర్" అన్నాను. అబద్ధం. పరిశుద్ధ స్థలం మెట్ల మీద నిలబడి ఆడిన అబద్ధం.

నాకు తెలుసు. మా నాన్న తన దగ్గరికి వచ్చిన ఏ పిల్లవాణ్ని బడిలో చేర్చినా, వాణ్ని ఎత్తి దేవునికి ప్రతిష్ఠించిన రోజునే పుట్టిన రోజుగా రాయించేవాడు. "తిరిగి పుట్టిన రోజే లెక్క" అనేవాడు. అది అబద్ధమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తమ్ముడికీ అలాగే రాశాడు. ఒకటో తరగతిలో వేయాలంటే ఐదేళ్లు కావాలి కాబట్టి, సంవత్సరం అయిదేళ్లు వెనక్కి వేశాడు. వాడు అప్పుడు ఎముకల గూడు, ఎంత ఉన్నా ఐదేళ్లకు సరిపోయేంత ఒళ్లు.

కాని నాకప్పుడు ఏడేళ్లు. ముందు పళ్లు ఊడి, మనుషుల ముందు నోరు తెరవడానికి సిగ్గుపడేదాన్ని. మెట్ల మీంచి వచ్చిన ఆ పిల్లాడు మూడో రోజున, ఊడిన నా పన్నును రేకుల మీదికి ఎలా విసరాలో చూపించాడు. "నీయి ఊడలేదా?" అని అడిగాను. వాడు నోరు పెద్దగా తెరిచాడు. వెడల్పాటి, గట్టి, పెద్దవాళ్ల పళ్లు, ముందువీ పక్కవీ. "నాయి ఎప్పుడో ఊడినయ్" అన్నాడు గర్వంగా.

ఐదేళ్లవాడికి ఆ పళ్లుండవు. తొమ్మిదో పదో ఉండి ఉంటాయి. ఇటూ అటూ.

మూడు ఆదివారాలు ఆయన కంట పడకుండా తిరిగాను. అమ్మ ముఖంలో ఎనిమిది నెలల తర్వాత కనబడ్డ ఆ వెలుగు నా చేత్తో ఆర్పాలంటే నాకు చేతులు రాలేదు. నాలుగో ఆదివారం లిఫ్టు దగ్గర ఆయనే ఎదురొచ్చాడు. ఒక్క మాట అన్నాడు. "ఎవరూ రాకపోతే ఇంకో నెలకు మున్సిపాలిటీకి అప్పగిస్తారమ్మా. నంబరుతో పూడ్చేస్తారు. అతను మీవాడు కాకపోయినా ఎవరో ఒక తల్లి బిడ్డ. మీ అమ్మగారిది నిరీక్షణ. మనం దాస్తున్నది నిరీక్షణ కాదు."

అక్కడే, సూపర్ మార్కెట్ ట్రాలీల పక్కన నిలబడి, పళ్ల సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీశాడు. తర్వాత నేను ఎదురుచూడని ప్రశ్న అడిగాడు.

"మీ తమ్ముడి బైబిలు ఎక్కడుంది?"

"అమ్మ తలగడ దగ్గర."

"దాన్ని అమ్మగారు ఉతకలేదు కదా?"

అప్పుడు అర్థమైంది. ప్రతి పేజీ మూలా వాడి వేలు, వాడి నాలిక. అమ్మ గిచ్చి గిచ్చి మాన్పించలేకపోయిన ఎంగిలి.

ఇంటికి వెళ్లి అమ్మకు అంతా చెప్పాను. ఆమె నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. బైబిలును రెండు చేతులతో ఛాతీకి అదుముకుని అంది: "ఇందులనే ఉంది గదా, అన్నలు తమ్ముని నిలువుటంగీకి మేక నెత్తురు పూసి చూపిస్తే ఆ ముసలి తండ్రి కొడుకు చచ్చిండని నమ్మిండు. కొడుకు బతికే ఉండె. నువ్వు గూడ నాకు అంగీ చూపిస్తున్నవా?"

ఆ రోజంతా మేమిద్దరం ఒకే గదిలో మోకాళ్ల మీద ఉన్నాం, వేర్వేరు గోడల వైపు తిరిగి. ఆమె ఒకటి అడుగుతోంది. నేను ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు. సాయంత్రానికి అమ్మ లేచి బైబిలును తెల్ల గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "నా బిడ్డ కాదని చెప్పించుకొని రా" అంది.

పోలీసులు పద్ధతి ప్రకారం రాసుకుని తీసుకున్నారు. నెల గడిచింది. ఒక శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఎస్సై కబురు పంపేలోగా బ్రదరే వచ్చాడు, ఉద్యోగ ధర్మం దాటి. కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మ టీ పెట్టింది, తానూ ఎదురుగా కూర్చుంది.

"చెప్పు బ్రదర్."

"మీ అబ్బాయేనమ్మా."

ఆయన ఏ మాట అన్నా దాని తోక కోసం ఆగడం మాకు అలవాటు. ఆగాం. తోక రాలేదు. అమ్మ ముందుకు వంగింది. బిచ్చమెత్తినట్టు అడిగింది.

"ఇటూ అటూ?"

"లేదమ్మా" అన్నాడాయన. "ఈసారి లేదు."

అమ్మ నోటినుంచి వచ్చిన శబ్దాన్ని నేను రాయలేను. ఆయన వెళ్లిపోలేదు. టీ మీద మీగడ కట్టేదాకా, అమ్మ గొంతు పోయేదాకా, రుమాలు రెండు చేతుల మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

తమ్ముడి సమాధి రోజున శిలువ మీద రంగు వేసేవాడు వయసెంత రాయాలని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "నీ అన్నకు ఎంత ఉంటదే?" అంది. పాతికేళ్లకు పైగా వాడు నన్ను అక్కా అని పిలిచాడు. నేను వాడి చేత సంచులు మోయించాను, పెద్దదాన్నని పెత్తనం చేశాను. వాడికి తెలిసే ఉంటుంది. ఒక్కసారి కూడా దిద్దలేదు. ఇల్లు దొరికినందుకు ఆ నాలుగైదేళ్లు వదిలేసుకున్నాడు. "అన్నా" అని అప్పుడు పిలిచాను, మట్టి వేస్తూ. శిలువ మీద వయసు రాయించలేదు.

కొన్ని నెలలకు పోలీసుల నుంచి బైబిలు తిరిగొచ్చింది. పరీక్ష కోసం ఎనిమిది పేజీల మూలలు కత్తిరించారు. బ్రదర్ అది చూసి, "ఒక్క వారం నాకివ్వండమ్మా" అని తీసుకెళ్లాడు. మళ్లీ ఇచ్చినప్పుడు ప్రతి మూలకూ పల్చటి తెల్ల కాగితం అతికించి ఉంది. దాని మీద, కత్తెరలో పోయిన అక్షరాలు, ముందూ వెనకా, అచ్చు ఎంత సన్నగా ఉందో అంత సన్నగా ఆయన చేత్తో రాసి ఉన్నాయి. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

మొన్న ఆయన సమాధి దగ్గర పాస్టరు గారు కీర్తన తీయమన్నారు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ బైబిలే ఒళ్లో పెట్టుకుంది. పేజీలు అతుక్కున్నాయి. అమ్మ వేలు నాలికకు అద్దుకుంది. ఆ తెల్ల మూల మీద వేలు ఆనించి, నెమ్మదిగా తిప్పింది.